పాచి చెప్పిన నది కథ
డయాటమ్‌లు సిలికాతో, అంటే గాజుకు మూలమైన ఖనిజంతో, గోడలు కట్టుకునే ఏకకణ శైవలాలు. ఒక్కొక్కటీ మూత బిగించిన కుంకుమ భరిణెలా రెండు చిప్పల మధ్య ఒదిగి ఉంటుంది. ఏ జీవి ఎంత మురుగును తట్టుకుంటుందో 1908లో జర్మన్ శాస్త్రజ్ఞులు కోల్క్‌విట్జ్, మార్సన్ వర్గీకరించగా, ఒక్క జాతి ఉనికి కన్నా జీవసమూహపు కూర్పే నీటి స్వచ్ఛతకు నమ్మదగిన సాక్ష్యమని 1948లో పెన్సిల్వేనియాలోని కొనెస్టోగా నది పరీవాహకాన్ని పరిశీలించిన జీవశాస్త్రజ్ఞురాలు రూత్ పాట్రిక్ బృందం నిరూపించింది. స్వచ్ఛమైన ప్రవాహంలో అనేక డయాటమ్ జాతులు కొద్దికొద్ది సంఖ్యలో కలిసి బతుకుతాయి. వ్యర్థాలు చేరినచోట మొండిగా నిలిచే కొన్ని జాతులే రాళ్లను జిగటగా కమ్ముకుంటాయి. ఈ తేడాను లెక్కించడానికి పాట్రిక్ రూపొందించిన డయాటోమీటర్ ఎంతో నిరాడంబరమైనది, అందుకే అమూల్యమైనది: నీటిలో తేలే చట్రంలో నిలబెట్టిన చిన్న గాజు పలకలపై సుమారు రెండు వారాల్లో గోధుమరంగు పాచి పేరుకుంటుంది, సూక్ష్మదర్శిని కింద అందులోని జాతులను ఒక్కొక్కటిగా లెక్కిస్తారు.