ఇంజిన్ తప్ప అంతా ఒరిజినలే

హనుమకొండ హంటర్ రోడ్డులో మా మిత్రుడి ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. అందులో ఒక అంబాసిడర్ పదిహేనేళ్లుగా కదలకుండా పడి ఉంది. టైర్లు నేలకు అతుక్కుపోయాయి. వెనక సీటులో కోళ్లు పొదిగిన ఆనవాళ్లున్నాయి. వాళ్ల నాన్నగారు కాంట్రాక్టులు చేసే రోజుల్లో తిరిగిన బండి అది. "దీన్ని వింటేజ్ కింద రిజిస్టర్ చేయించాలి, అసలిది ఏ ఏడాదిదో, ఏ మోడలో తేల్చిపెట్టు" అంటూ మిత్రుడు నన్ను లాక్కెళ్లాడు. పాత బండ్ల మీద నాలుగు ముక్కలు రాసినందుకు పడే శిక్ష ఇలాగే ఉంటుంది.

ములుగు రోడ్డు ఆటోనగర్ నుంచి ఒక పెద్దాయనను కూడా పిలిపించాడు. నలభై ఏళ్లుగా అంబాసిడర్లు విప్పి బిగించిన మనిషి, అందరికీ చాచా. ఆయన షెడ్డులోకి వచ్చి, బానెట్ ఎత్తి, ఒక్క చూపు చూసి తీర్పు చెప్పేశాడు.

"ఇంజిన్ తప్ప అంతా ఒరిజినలే బేటా."

ఆ మాట పూర్తిగా నిజం కాదని గంటలోనే తేలింది. అయితే చిక్కంతా ఆ 'ఇంజిన్ తప్ప' దగ్గరే ఉంది. కేంద్రం 2021 జూలైలో మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ బండ్లకు ప్రత్యేకంగా చోటు కల్పించింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి ఉండాలి. సొంత వాడకపు బండి అయి ఉండాలి. చాసీ, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులేవీ లేకుండా పుట్టినప్పటి రూపంలో ఉండాలి. కొత్తగా రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. నంబరులో రాష్ట్రం అక్షరాల పక్కన 'వీఏ' అని వస్తుంది. ఆ నంబరు వచ్చాక రోజూ కూరగాయలకు వేసుకెళ్లడానికి ఉండదు. ర్యాలీకి, ప్రదర్శనకు, పెట్రోలు కొట్టించడానికి, మరమ్మతుకు తప్ప రోడ్డెక్కకూడదు. మా మిత్రుడికి ఇవన్నీ సమ్మతమే. ఒరిజినల్ అని నిరూపించడం ఎలాగన్నదే ప్రశ్న.

అంబాసిడర్ వంశం విప్పడం పైకి తేలికగానే కనిపిస్తుంది. హిందుస్థాన్ మోటార్స్‌ను బిర్లాలు 1942లో గుజరాత్ తీరంలోని ఓఖాలో పెట్టి, 1948లో కలకత్తా పక్కన ఉత్తర్‌పారాకు మార్చారు. ఇంగ్లండులోని మారిస్ కంపెనీ బండ్లే పేరు మార్చుకుని ఇక్కడ పుట్టాయి. ల్యాండ్‌మాస్టర్ అసలు పేరు మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ టూ. సిరీస్ త్రీ ఇక్కడికొచ్చి అంబాసిడర్ అయింది. తొలి రోజుల్లో దానికి పాత సైడ్‌వాల్వ్ ఇంజిన్ ఉండేది. 1959లో 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్ వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు బండి లోపల పెద్దగా మారింది లేదు, ముఖం మాత్రమే మారుతూ వచ్చింది. 1962 తర్వాత వచ్చిన మార్క్ టూకు ముందు జాలీ సన్నటి గళ్లతో ఉంటుంది. 1975లో మార్క్ త్రీకి అడ్డ పట్టీల జాలీ పెట్టారు. 1979లో మార్క్ ఫోర్‌కు మళ్లీ గళ్లే వచ్చాయి, ఈసారి పెద్దవి. ఫియట్ అయితే ఇంకా తేలిక. ముందు తలుపు కీళ్లు వెనకవైపు ఉన్నాయంటే అది 1964లో డిలైట్ రాకముందు బండి. ఆ తర్వాత అదే బండి 1972లో ప్రెసిడెంట్ అయింది, 1974లో పద్మిని అయింది.

మా ముందున్న బండికి అడ్డ పట్టీల జాలీ ఉంది. అంటే మార్క్ త్రీ. ఆర్‌సీ బుక్కులో తయారీ సంవత్సరం 1966 అని ఉంది. అంటే మార్క్ టూ. పైగా ఆ బుక్కు డూప్లికేటు, అసలుది ఎప్పుడో చెదలు తినేసింది. డాష్‌బోర్డు చూసి తేల్చుదామా అంటే, అది ఎటూ సాక్ష్యం చెప్పదు.

చాచా జేబులోంచి బ్లేడు తీసి, తలుపు సందులో, వాన తగలని మూల గోకడం మొదలుపెట్టాడు. పైన తెలుపు. దాని కింద ఎర్ర ప్రైమర్. దాని కింద ఇంకో తెలుపు, కాస్త పసుపు తిరిగింది. ఆ కింద వేలిగోరంత మేర లేత నీలం. మా మిత్రుడు నిశ్చేష్టుడైపోయాడు. చిన్నప్పటి నుంచి ఈ బండి తెల్లదే అనుకున్నాడు. పెళ్లి ఫొటోల్లోనూ తెల్లదే. నీలం తర్వాత లోహమే తగిలింది కాబట్టి ఫ్యాక్టరీ వేసిన రంగు ఆ నీలమే. జాలీ సంగతి అడిగితే చాచా తేలిగ్గా తీసేశాడు. "యాక్సిడెంటయితే ఏది దొరికితే అది పెట్టినం బేటా. వరంగల్ల గప్పుడు మార్క్ టూ జాలీ యాడ దొరుకుతది?"

డైనమో మీద లూకాస్-టీవీయస్ అని ఉంది. మద్రాసులో ఆ కంపెనీ మొదలైందే 1961లో కాబట్టి 1966తో పేచీ లేదు. నంబరు పలక కూడా మాట సాయం చేసింది. 'ఏ'తో మొదలయ్యే మూడక్షరాల నంబరు అది. కొత్త మోటారు వాహనాల చట్టం 1989 జూలైలో అమల్లోకి వచ్చాకే మన జిల్లా బండ్లకు ఏపీ 36 వచ్చింది, తెలంగాణ వచ్చాక టీఎస్ 03, ఇప్పుడు టీజీ. నంబరు పలకలో చరిత్ర దాక్కోవడం మన దగ్గర కొత్తేమీ కాదు. నిజాం రైలు, రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైంది. ఆ బస్సుల నంబర్లలో 'జెడ్' అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టిందని చెప్పుకుంటారు. రాజ్యం పోయింది, రాష్ట్రాలు మారాయి, ఆర్టీసీ బస్సు మీద జెడ్ మాత్రం ఉండిపోయింది. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాద్ బస్ భవన్‌లో ఉంది. దాన్ని తయారు చేసిన గ్లాస్గో కంపెనీ 1951లోనే లేలాండ్ చేతికి పోయింది.

కాగితాల విషయంలో ఇంగ్లండు వాళ్లను చూస్తే నాకు ఈర్ష్య. గేడన్‌లోని మ్యూజియానికి చాసీ నంబరు, రుసుము పంపితే మారిస్, ఆస్టిన్, ఎంజీ లాంటి బండ్ల పుట్టుక పత్రం పోస్టులో ఇంటికొస్తుంది. ఏ రోజు కట్టారు, ఏ రంగు వేశారు, ఇంజిన్ నంబరెంత, ఏ దేశం పంపారు, అన్నీ ఫ్యాక్టరీ ఖాతా పుస్తకాల్లోంచి ఎత్తి రాస్తారు. రోల్స్-రాయిస్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పూర్వం ఆ కంపెనీ చాసీ, ఇంజిన్ మాత్రమే చేసేది, బాడీ కట్టించుకోవడం కొన్నవాళ్ల పని. ప్రతి చాసీకీ ఒక కార్డు ఉండేది. ఎవరు ఆర్డరిచ్చారు, ఎవరి దగ్గర బాడీ కట్టించారు అన్నీ అందులో ఉంటాయి. ఆ కార్డులు నార్తాంప్టన్‌షైర్‌లో ఆ బండ్ల అభిమానుల క్లబ్బు దగ్గర భద్రంగా ఉన్నాయి.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో అద్దాల వెనక ఉన్న పసుపు రంగు సిల్వర్ ఘోస్ట్‌ది అలాంటి పుట్టుకే. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆర్డరిచ్చాడు, లండన్‌లో బార్కర్ కంపెనీ బాడీ కట్టింది. బండి ఇక్కడికి చేరేలోపే, 1911 ఆగస్టులో, పాషా కన్నుమూశాడు. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని ఊరేగింపులకు తప్ప బయటికి తీయలేదు. మీటరు మీద తిరిగింది 356 మైళ్లు. వరంగల్ నుంచి హైదరాబాద్‌కు రెండుసార్లు వెళ్లొస్తే అంతకంటే ఎక్కువే అవుతుంది. వాడకపోతే ఏ బండైనా ఒరిజినల్‌గానే ఉంటుంది, అందులో బండి గొప్పేముంది?

హంటర్ రోడ్డు అంబాసిడర్‌కు గేడన్ లాంటి కిటికీ లేదు, రాజుగారి గ్యారేజీ లేదు. పరకాల, నర్సంపేట, ఏటూరునాగారం దారుల్లో సిమెంటు బస్తాలు కూడా మోసింది. పెట్రోలు ధర మోయలేక ఎనభైల చివర దానికి డీజిల్ ఇంజిన్ ఎక్కించారు. ఎక్కించింది చాచా ఉస్తాదే, స్పానర్లు అందించింది చాచా. తుక్కుకు పోయిన ఒక మార్క్ ఫోర్ నుంచి తీశారట. ఇక్కడో తమాషా ఉంది. హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్‌కు పెట్టిన డీజిల్ ఇంజిన్ కూడా 1489 సీసీయే. ఆర్‌సీ బుక్కులో సీసీ గడి దిద్దాల్సిన పనే పడలేదు, పెట్రోల్ అన్న చోట డీజిల్ అని ఒక్క మాట మారింది.

"మరి ఒరిజినల్ ఇంజిన్ ఉంచుకుంటే బాగుండేది కదా చాచా" అన్నాడు మిత్రుడు నీరసంగా.

"ఉంచుకుంటే బండి తుక్కుల పోవు బేటా. గది మార్చినం గనుకనే గిది గింతకాలం బతికింది."

దానికి నా దగ్గర జవాబు లేదు. నిబంధన రాసినవాళ్ల దగ్గరా ఉండదనుకుంటాను. చౌమహల్లా బండి బతకడానికి ఏమీ మార్చాల్సిన అవసరం రాలేదు. ఇది బతికిందే మార్పుల వల్ల. ఇప్పుడు ఆ మార్పులే దీన్ని అనర్హం చేస్తున్నాయి.

చివరికి చాసీ నంబరు తీసుకుందామని కూర్చున్నాం. ఇంజిన్ వెనక గోడకు బిగించిన రేకు ముక్కను కిరసనాయిల్ గుడ్డతో తుడిచి, పల్చటి కాగితం పెట్టి, పెన్సిల్ పడుకోబెట్టి రుద్దాం. ఆర్టీవో ఆఫీసు దగ్గర ఏజెంట్లు చేసే పనే ఇది. అంకెలు ఒక్కొక్కటే తెల్లగా పైకి తేలాయి. బుక్కులో ఉన్న నంబరే. అప్పుడు చాచాకు ఏదో గుర్తొచ్చింది. పాత పెట్రోల్ ఇంజిన్ బ్లాకును ఉస్తాద్ పారేయలేదట, ఆటోనగర్ షెడ్డులో బల్ల కాలు విరిగితే దాని కింద పెట్టాడట, ఇంకా అక్కడే ఉండాలట.

ముగ్గురం ఆటో ఎక్కి వెళ్లాం. బల్ల మీద సామాను దించి, బ్లాకును పక్కకు దొర్లించి, నలభై ఏళ్ల గ్రీజు గీకడానికి అరగంట పట్టింది. మిత్రుడు ఆర్‌సీ బుక్కులో పాత ఇంజిన్ నంబరు కొట్టేసిన చోట వేలు పెట్టి, ఒక్కో అంకె పైకి చదివాడు. నేను బ్లాకు మీద చూస్తూ వచ్చాను. మూడో అంకె దగ్గరే ఆగిపోయాం.

చాచా కళ్లద్దాలు తుడుచుకుని తనూ చూశాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అయితే గిది నర్సంపేట మామిడితోటాయన బండిది అయుంటది" అన్నాడు. "మీది ఆయన బండికి పెట్టినట్టున్నం."