కోనసీమ వరిచేలలో జింకు లోపం

ఊడ్పులైన రెండు నుంచి నాలుగు వారాల్లో లేత ఆకుల మొదట్లో ఈనె పాలిపోతుంది. ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు లేస్తాయి. దుబ్బు పిలకలు వేయక గిడసబారుతుంది. ఇది చేనంతా ఒకేలా రాదు, నీరు కదలని పల్లంలో ముందు పట్టుకుంటుంది. తెగులనుకుని మందు కొడితే ఆ ఖర్చు దండగే.

మొక్కకు జింకు తప్పనిసరి అని 1926లో సోమర్, లిప్‌మన్ నిరూపించారు. మన దేశపు వరిలో దాని లోటు బయటపడింది 1966లో. హిమాలయాల దిగువన తరాయి ప్రాంతంలో 'ఖైరా' అని పిలిచే జబ్బుకు జింకు కొరతే మూలమని పంత్‌నగర్‌లో వై.ఎల్. నేనె తేల్చారు. మరుసటి ఏడే సూక్ష్మపోషకాలపై అఖిల భారత సమన్వయ పథకం మొదలైంది.

కోనసీమలో ఈ కథను నీటి దగ్గర మొదలుపెట్టాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠల నడుమ నేల కాలువ కింది మాగాణి అయింది. క్రమంగా సార్వాకు (ఖరీఫ్) దాళ్వా (రబీ) తోడైంది. వసిష్ఠకు అవతల ఉన్న మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో స్వర్ణ (ఎంటీయూ 7029) వరి రకం వచ్చింది. దిగుబడి పెరిగిన కొద్దీ పంట నేల నుంచి పట్టుకుపోయే జింకూ పెరుగుతుంది. పెంట తోలకం తగ్గి యూరియా, డీఏపీ బస్తాలు పెరిగితే ఆ లోటు పూడదు.

అయితే నేలలో జింకు అసలు లేకపోవడం వేరు, ఉండీ వేరుకు అందకపోవడం వేరు. డెల్టా నల్లమట్టిలో రెండో రకాన్నే ముందు అనుమానించాలి. నీరు నిలిచి గాలి ఆడని మట్టిలో జింకు సల్ఫైడుగా, కార్బొనేటుగా బిగుసుకుంటుంది. భాస్వరం ఎక్కువైతే మొక్క జింకును తీసుకోవడం ఇంకా తగ్గుతుంది. 1978లో లిండ్సే, నార్వెల్ ప్రకటించిన డీటీపీఏ మట్టి పరీక్షలో సాధారణంగా జింకు 0.6 పీపీఎం కంటే తక్కువైతే లోపం కింద లెక్క. కానీ పరీక్షించేది ఆరబెట్టిన మట్టిని, వరి బతికేది బురదలో. అందుకే ఫలితం బాగున్నా చేను ఎర్రబడే సందర్భాలుంటాయి. 2015లో మొదలైన భూసార ఆరోగ్య కార్డులోని 12 అంశాల్లో జింకు ఉంది, మురుగు సంగతి లేదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పుకున్న కష్టాల్లో మురుగు కాలువల పూడిక ఒకటి.

ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయాలని సిఫారసు. దాన్ని డీఏపీతో కలపకూడదు, రెంటికీ కనీసం మూడు రోజుల ఎడం ఉండాలి. పైరు మీద లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు చొప్పున, ఐదు రోజుల ఎడంతో రెండు మూడుసార్లు పిచికారీ చేస్తారు. మురుగు పోయే దారి ఉన్న చేనైతే నీరు తీసి ఆరగట్టడమూ పనిచేస్తుంది.