1973 భారత ప్రధాన న్యాయమూర్తి నియామక వివాదం

1973లో సుప్రీం కోర్టులో సీనియారిటీ క్రమంలో ముందున్న ముగ్గురు న్యాయమూర్తులను కాదని, ఇందిరా గాంధీ ప్రభుత్వం జస్టిస్ ఎ.ఎన్.రేను ప్రధాన న్యాయమూర్తిగా నియమించడంతో ఈ వివాదం తలెత్తింది. దీనిని సామాజిక న్యాయానికి, న్యాయవ్యవస్థ స్వతంత్రతకు మధ్య జరిగిన ఘర్షణగా చెప్పడం పరిపాటి. అయితే దీనికి దారితీసిన ప్రధాన వ్యాజ్యాలు భూములు, బ్యాంకులు, గనుల యాజమాన్యంతో ముడిపడినవి.

నేపథ్యం
రాజమండ్రిలో జన్మించిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు నేతృత్వంలోని ధర్మాసనం 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో, ప్రాథమిక హక్కులను హరించే అధికారం పార్లమెంటుకు లేదని 6-5 ఆధిక్యతతో తీర్పునిచ్చింది. పంజాబులోని ఒక భూస్వామ్య కుటుంబం భూపరిమితిని ప్రశ్నించిన కేసు ఇది.

1969 జూలై 19న ప్రభుత్వం 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసింది. బ్యాంకు వాటాదారుడైన ఆర్.సి.కూపర్ వేసిన వ్యాజ్యంలో, 1970 ఫిబ్రవరి 10న 11 మంది న్యాయమూర్తులలో 10 మంది ఆ చట్టం చెల్లదన్నారు. విభేదించినది జస్టిస్ రే ఒక్కరే. దరిమిలా 1971లో 25వ సవరణ ద్వారా ఆస్తి స్వాధీనానికి సంబంధించిన నిబంధనలో "నష్టపరిహారం" అనే మాటను తొలగించారు.

కేశవానంద భారతి కేసు
ఈ కేసు కేరళలోని ఎడనీరు మఠాధిపతి పేరుతో ప్రసిద్ధమైనా, బొగ్గు కంపెనీలు కూడా పిటిషనర్లలో ఉన్నాయి. 1973 ఏప్రిల్ 24న, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చజాలదని 7-6 ఆధిక్యతతో తీర్పు వెలువడింది. జస్టిస్ షెలత్, హెగ్డే, గ్రోవర్‌లతో పాటు హైదరాబాదుకు చెందిన జస్టిస్ పి.జగన్మోహన్ రెడ్డి కూడా ఆధిక్య పక్షంలో ఉన్నారు. జస్టిస్ రే దానితో విభేదించారు.

నియామకం
తీర్పు వెలువడిన మరునాడే ప్రభుత్వం జస్టిస్ రే నియామకాన్ని ప్రకటించింది. షెలత్, హెగ్డే, గ్రోవర్ రాజీనామా చేశారు. ఉక్కు, గనుల శాఖ మంత్రి మోహన్ కుమారమంగళం లోక్‌సభలో ఈ నియామకాన్ని సమర్థిస్తూ, న్యాయమూర్తి సామాజిక దృక్పథాన్ని కూడా పరిగణించాలని వాదించాడు. బొగ్గు గనుల జాతీయీకరణ ఆయన శాఖ పరిధిలోనిదే. అయినా చర్చ ప్రధానంగా న్యాయమూర్తుల నిబద్ధత, స్వతంత్రతల చుట్టూ తిరగడంతో ఆస్తి ప్రయోజనాల ప్రశ్న వెనుకబడింది.

ఇతర దేశాలలో
అమెరికాలో కంపెనీల న్యాయవాది లూయిస్ పావెల్ 1971 ఆగస్టులో వ్యాపార వర్గాలు న్యాయస్థానాలపై దృష్టి పెట్టాలని సూచిస్తూ అక్కడి వాణిజ్య మండలికి ఒక నివేదిక ఇచ్చాడు. అదే సంవత్సరం అతడు సుప్రీం కోర్టుకు నామినేట్ అయ్యాడు. ఆ నివేదిక 1972లో, నియామకం పూర్తయిన తరువాతే బయటపడింది. తరువాతి దశాబ్దాలలో అక్కడి నియామకాలపై చర్చలో గర్భస్రావం వంటి సామాజిక అంశాలే ముందు నిలిచాయి.

పర్యవసానం
1978 నాటి 44వ సవరణతో ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుండి తొలగించారు. 1993లో సుప్రీం కోర్టు తీర్పుతో న్యాయమూర్తుల నియామకంలో కొలీజియం పద్ధతి ఏర్పడింది.