మంగళాజోడి పక్షి సంరక్షణ

మంగళాజోడి ఒడిశాలోని ఖుర్దా జిల్లా గ్రామం. 1981లో రామ్‌సర్ గుర్తింపు పొందిన చిలికా సరస్సుకు ఉత్తరపు అంచున, రెల్లు దట్టంగా పెరిగే చిత్తడినేలను ఆనుకుని ఉంది. శీతాకాలంలో సూదితోక బాతులు, నల్లతోక గాడ్విట్‌లు ఇక్కడికి వేలాదిగా వలస వస్తాయి. ఒకప్పుడు ఊళ్లో చాలామందికి పక్షుల వేటే జీవనోపాధి; విషం పెట్టి, తుపాకులతో కాల్చి చంపేవారు, గుడ్లు ఏరి అమ్మేవారు. వైల్డ్ ఒడిశా సంస్థ ఓపికగా నచ్చజెప్పడంతో 2000లో శ్రీ మహావీర్ పక్షి సురక్షా సమితి ఏర్పడింది. వేటగాళ్లే కాపలాదారులయ్యారు. ఏ పక్షి ఎక్కడ వాలుతుందో, ఎక్కడ గూడు కడుతుందో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఈ ప్రయత్నానికి అసలు బలం అదే. చిత్తడినేలలో గస్తీ తిరగడంతోపాటు, మోటారు లేని నాటుపడవలను గడకర్రతో నడుపుతూ సందర్శకులకు పక్షులను చూపించడం ఇప్పుడు వారి బతుకుతెరువు.