గొడ్రాలను నింద

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమలలో సంతానము లేని దంపతులు వేములవాడ రాజన్నకుఁ గోడెమ్రొక్కు చెల్లించుట మీ రెఱిఁగినదే. మ్రొక్కునకు ఇరువురును గలిసి పోవుదురు. నింద మాత్రము భార్యదే యగును. మా మేనత్తను గొడ్రాలని పుట్టింటికిఁ బంపిరి. ఆమె భర్తకు రెండవ భార్యవలనను సంతతి కలుగలేదు. అప్పుడును ఆతని నెవ్వరు నేమియు ననలేదు.

ఈ నింద ప్రాచీనమైనది. గొడ్రాలగు భార్య యుండఁగా ఎనిమిదవయేట మఱియొకతెను బెండ్లాడవచ్చునని మనుస్మృతి విధించినది. 1955 నాటి హిందూ వివాహచట్టము దానిని మాన్పినది. సుశ్రుతసంహిత మాత్రము గర్భమునకు ఋతువు, క్షేత్రము, జలము, బీజము నాలుగును గావలెనని చెప్పుచున్నది. విత్తు చూడక పొలమును దిట్టు కాఁపు గలఁడా?

1677లో లీవెన్‌హుక్ పురుషబీజమును సూక్ష్మదర్శినిలోఁ జూచెను. 1827లో ఫాన్ బేర్ పాలిచ్చు జంతువుల అండమును గనుఁగొనెను. 1920 తరువాతి దశకమున జపానువాఁడగు ఒగినో, ఆస్ట్రియావాఁడగు క్నౌసు, రాఁబోవు ముట్టునకు సుమారు 14 దినములు ముందుగా అండము వెలువడునని తేల్చిరి. కావున నాల్గవనాఁటి స్నానము కాఁగానే గర్భము నిలుచునను నమ్మిక సాధారణముగా సరికాదు.

ఏడాది కాపురము చేసినను గర్భము నిలువనిచో, భార్యకు 35 ఏండ్లు దాఁటినచో 6 నెలలకే, వైద్యునిఁ జూడవలెను. పెద్దలారా! కోడలితోఁబాటు కొడుకును గూడఁ బంపుఁడు. కోడెను ఇరువురును గలిసియే కదా త్రిప్పుదురు!