వాలుగకి ఏం ఎర వెయ్యాలి?

మా మేనమామకి చేపలు పట్టడం వృత్తి కాదు, పిచ్చి. దసరా సెలవులకి గోదావరి జిల్లాలోని వాళ్ళ ఊరు వెళ్తే, సాయంత్రమయ్యేసరికి కాలవగట్టున తడిమట్టి తవ్వుతూ కనపడేవాడు. వానపాముల కోసం. వాటిని అక్కడ ఎర్రలు అంటారు. ఒకరోజు నేను గాలానికి పిండిముద్ద పెట్టబోతే ఆపేశాడు.

“ఇవాళ వాలుగకి వేస్తున్నాంరా. అది పిండి ముట్టదు. దానికి కదిలేది కావాలి.”

డబ్బాలోంచి ఒక పరిగె పిల్లని తీసి, వీపు మీద రెక్క కింద గాలం గుచ్చాడు. వెన్నెముకకి తగలకూడదట, తగిలితే చచ్చిపోతుంది. గాలానికి పైన జానెడు సన్నటి ఇనపతీగ. వాలుగ పళ్ళకి దారం ఆగదు కాబట్టి.

“చీకట్లో దానికి ఎలా కనపడుతుంది మావయ్యా?”

“కళ్ళతో ఏం పనిరా దానికి? మీసాలు చూస్తాయి.”

చాలా ఏళ్ళ తర్వాత, హైదరాబాదులో ఇంట్లో కూర్చుని, ఇంకేదో వెతుకుతూ వాలుగ శాస్త్రీయ నామం చూశాను: వల్లాగో అట్టు. నవ్వొచ్చింది. లాటిన్ అనుకున్నదాంట్లో మా కాలవ చేప కూర్చుని ఉంది.

ఆ పేరు అక్కడికి చేరిన దారి విశాఖపట్నం నుంచి మొదలవుతుంది. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన పాట్రిక్ రసెల్ అనే వైద్యుడు అక్కడ చేపలు సేకరించి, బొమ్మలు వేయించి, 1803లో లండన్‌లో రెండు సంపుటాలు అచ్చువేశాడు. మన రక్తపింజరికి ఇంగ్లీషులో పేరిచ్చిన రసెల్ ఈయనే. చేపలకి స్థానికులు చెప్పిన పేర్లనే ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. వాలుగ ‘వాలగూ’ అయింది. 1840లో ఫ్రెంచి శాస్త్రవేత్త వలన్సియెన్ దాన్ని జాతి పేరుగా వాడాడు. 1851లో బటావియాలో ఉన్న డచ్చి సైనిక వైద్యుడు బ్లీకర్ ఆ మాటతోనే ఒక ప్రజాతికి వల్లాగో అని పేరు పెట్టాడు. రసెల్‌కి ఆ మాట చెప్పిన జాలరి పేరు మాత్రం ఈ వరసలో ఎక్కడా లేదు.

జాలరి దగ్గర పేరొక్కటే ఉంటుందా? ఏ చేపకి ఏ ఎర, ఏ నీళ్ళలో, ఏ వేళకి అన్నది కూడా ఉంటుంది. అది ఎవరైనా రాశారా అని వెతకడం మొదలుపెట్టాను.

రాసినవాడు ఒకడు దొరికాడు. ఆయన రాజు. కల్యాణి చాళుక్యుడైన మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో సంస్కృతంలో రాసిన మానసోల్లాసంలో మత్స్యవినోదం అని ఒక అధ్యాయం ఉంది. కల్యాణి అంటే ఇప్పటి బీదర్ జిల్లా బసవకల్యాణ్. అప్పటికి కాకతీయులు వాళ్ళ సామంతులే. సోమేశ్వరుడు చేపల్ని పొలుసులున్నవి, చర్మం మాత్రమే ఉన్నవి అని విడదీస్తాడు. వాలుగ, జెల్ల, మార్పు రెండో గుంపులోకి వస్తాయి. ఏ చేపకి ఏ మేత వేసి మరిగించాలో చెప్తాడు: కొన్నిటికి నువ్వులూ శనగపిండీ ముద్దలు, కొన్నిటికి మాంసం. కర్ర గురించి, దారం గురించి కూడా రాశాడు. 1951లో జంతుశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా ఈ అధ్యాయం మీద వ్యాసం రాసేదాకా చేపల శాస్త్రం దీన్ని పెద్దగా పట్టించుకోలేదు.

ఈ వివరాలన్నీ రాజుగారు సొంతంగా కనిపెట్టి ఉంటారని నాకు అనిపించదు. కొలను గట్టున ఎవరో పక్కన నిలబడి చెప్పి ఉంటారు.

తర్వాత రాసినవాళ్ళు దొరలు. మద్రాసు సివిల్ సర్వీసులో కలెక్టరు హెచ్. ఎస్. థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’, 1887లో చెరువుల్లో గాలం వెయ్యడం గురించి ఇంకో పుస్తకం అచ్చువేశాడు. వాలుగని ఆ దొరలు మంచినీటి సొరచేప అనేవారు. వాళ్ళు గాలం వేస్తే అది ‘స్పోర్ట్’. అదే కాలంలో ఫ్రాన్సిస్ డే దేశంలోని మంచినీటి చేపల మీద ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో ఇక్కడివాళ్ళు కనిపించేది చిన్నకన్ను వలలు, అడ్డుకట్టలు, విషాలతో. 1897లో చేపల చట్టం వచ్చి నీళ్ళలో మందుగుండు, విషం వాడకాన్ని నేరం చేసింది. ఆ చట్టం అవసరమే, కాదనను. కానీ ఎర గుచ్చి రాత్రంతా ఓపిగ్గా కూర్చున్నవాడికి ఆ నివేదికల్లో చోటు దొరకలేదు. పాడుచేసేవాడుగా లెక్కకొచ్చాడు, తెలిసినవాడుగా రాలేదు.

మావయ్య చెప్పినవి ఇక్కడ రాసి పెడతాను. జెల్లలకి ఎర్రలు చాలు, గాలం నేలకి తగులుతూ ఉండాలి. మార్పుకి కోడిపేగు. బురదనీళ్ళలో వాసనే దారి చూపిస్తుంది కాబట్టి ఎర ఎంత కంపు కొడితే అంత మంచిది. వాలుగకి పరిగె పిల్ల గానీ కప్ప గానీ, గట్టు కింద బొరియలున్న చోట, చీకటి పడ్డాక. బెండు మునగ్గానే లాగొద్దు. అది ఎరని నోట పట్టుకుని కాస్త దూరం పోనివ్వాలి.

మీసాలు చూస్తాయన్న మాట కూడా నిజమే. ఈ జాతుల చేపలకి మీసాల మీదా, ఒంటి మీదా రుచి తెలిసే మొగ్గలుంటాయి. నోటితో పట్టకముందే రుచి చూసేస్తాయి. మావయ్య చదివింది ఏడో తరగతి.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు గాలం గురించి అడిగాను. పైన అటక మీద ఉందన్నాడు.

“వాలుగ ఏదిరా ఇప్పుడు? చెరువులు పాటకి పాడుకుని బొచ్చె, రాగండి వేస్తున్నారు. పిల్లల్ని తినేస్తదని దీన్ని ముందే ఏరిపారేస్తారు. కాలవలో కరెంటు పెట్టి పడుతున్నారు.”

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్రజాబితాలో వాలుగ ఇప్పుడు ముప్పులో ఉన్న చేప. జాబితాలో పేరు స్పష్టంగానే ఉంది, వల్లాగో అని.

ఆ సాయంత్రం అటక ఎక్కి గాలం దింపాను. వెదురు ఎండి పగిలింది, ఇనపతీగ తుప్పు పట్టింది. మావయ్య దాన్ని వేళ్ళతో తడిమి, “దీనికి కొత్త తీగ కట్టాలిరా” అన్నాడు. తీగ ఎంత పొడుగుండాలో, ముడి ఎలా వెయ్యాలో ఈసారి ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. మర్నాడు పొద్దున్నే కాలవగట్టుకి వెళ్ళి ఎర్రలు తవ్వాం. రెండు జెల్లలు పడ్డాయి.