సూడోమోనాస్ పుటిడా

సూడోమోనాస్ పుటిడా నేలలోను, నీటిలోను, ముఖ్యంగా మొక్కల వేళ్ళను అంటిపెట్టుకొని ఉండే మట్టిలోను నివసించే ఒక బాక్టీరియా. టోలుయిన్, నాఫ్తలీన్, స్టైరీన్ వంటి విషతుల్యమైన కర్బన రసాయనాలను ఆహారంగా వాడుకొని విచ్ఛిన్నం చేయగలగడం వలన ఇది కాలుష్య నివారణ పరిశోధనలలో ప్రసిద్ధి పొందింది. లాటిన్ భాషలో పుటిడా అనగా దుర్గంధము కలది అని అర్థం.

లక్షణాలు

ఇది కడ్డీ ఆకారం గల గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా. ఒక కొనన గుంపుగా ఉండే కశాభాల సాయంతో కదులుతుంది. దీని పెరుగుదలకు ఆక్సిజన్ అవసరం. 25 నుండి 30 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అనుకూలం. ఇనుము కొరత ఏర్పడినపుడు పయోవర్డిన్ అనే వర్ణకాన్ని స్రవిస్తుంది. అతినీలలోహిత కాంతిలో ఈ వర్ణకం మెరుస్తుంది. ఇదే ప్రజాతికి చెందిన సూడోమోనాస్ ఏరుజినోసా వలె ఇది తరచుగా వ్యాధులను కలిగించదు. అయితే రోగనిరోధక శక్తి క్షీణించినవారిలో అరుదుగా దీని వలన ఇన్ఫెక్షన్లు వస్తాయి.

కాలుష్యకారకాల విచ్ఛిన్నం

పెట్రోలులోను, రంగులను పలుచన చేసే ద్రావకాలలోను ఉండే టోలుయిన్ కణపొరలలోకి చొరబడి చాలా సూక్ష్మజీవులను చంపివేస్తుంది. ఈ జాతిలోని కొన్ని రకాలు మాత్రం లోనికి వచ్చిన ద్రావకాన్ని ప్రత్యేక ప్రోటీను పంపులతో ఎప్పటికప్పుడు బయటకు తోడివేస్తూ బ్రతుకుతాయి.

ఎంటీ-2 అనే రకంలో టోలుయిన్‌ను విచ్ఛిన్నం చేసే జన్యువులు ప్రధాన క్రోమోజోముపై కాక, టోల్ అనే ప్లాస్మిడ్‌పై ఉంటాయి. వీటి నుండి తయారయ్యే ఎంజైములు టోలుయిన్‌ను బెంజైల్ ఆల్కహాలు, బెంజాల్డిహైడ్, బెంజోయేట్‌ల మీదుగా కేటకాల్‌గా మారుస్తాయి. పిమ్మట కేటకాల్ వలయం తెగి, చివరకు పైరువేట్ వంటి సామాన్య పదార్థాలు ఏర్పడతాయి. ఈ ప్లాస్మిడ్ ఒక కణం నుండి మరొక కణానికి బదిలీ కాగలదు. కనుక ఈ సామర్థ్యం నేలలోని ఇతర బాక్టీరియాలకు కూడా సంక్రమించే వీలుంది.

అయితే సులభంగా జీర్ణమయ్యే సేంద్రియ ఆమ్లాలు లభించినపుడు ఈ బాక్టీరియా వాటినే ముందుగా వాడుకుంటుంది, కాలుష్యకారకాన్ని పక్కన పెడుతుంది. ప్రయోగశాలలో బాగా పనిచేసిన రకం పొలంలో నిరాశపరచడానికి గల కారణాలలో ఇది ఒకటి.

పేటెంటు వివాదం

పశ్చిమ బెంగాల్‌లో జన్మించిన శాస్త్రవేత్త ఆనంద మోహన్ చక్రవర్తి (1938-2020) అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేస్తూ, ముడి చమురులోని వేర్వేరు భాగాలను విచ్ఛిన్నం చేసే ప్లాస్మిడ్లను ఒకే సూడోమోనాస్ కణంలోకి చేర్చాడు. 1972లో పేటెంటుకు దరఖాస్తు చేయగా, తయారీ పద్ధతికి అంగీకరించిన పేటెంటు కార్యాలయం ప్రాణమున్న బాక్టీరియాపై మాత్రం హక్కు ఇవ్వడానికి నిరాకరించింది. వ్యాజ్యం సుప్రీం కోర్టుకు చేరింది. 1980 జూన్ 16న న్యాయస్థానం 5-4 ఆధిక్యంతో చక్రవర్తికి అనుకూలంగా తీర్పు చెప్పింది. జీవసాంకేతిక పరిశ్రమ విస్తరణకు ఈ తీర్పు దారితీసింది. జీవులపై యాజమాన్యం కుదురుతుందా అన్న చర్చ మాత్రం ఆగలేదు.

విచిత్రమేమంటే, ఇంతటి పేరు తెచ్చిన ఆ బాక్టీరియాను సముద్రంలో చమురును తొలగించడానికి ఎన్నడూ విడుదల చేయలేదు. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుండి చమురు ఒలికినపుడు, అక్కడ సహజంగా ఉన్న సూక్ష్మజీవులు వృద్ధి చెందడానికి తీరంపై ఎరువులు చల్లారు.

ఇతర ఉపయోగాలు

ఎంటీ-2 నుండి టోల్ ప్లాస్మిడ్‌ను తొలగించగా లభించిన కేటీ2440 రకాన్ని ప్రయోగశాలలలో విస్తృతంగా వాడుతున్నారు. సుమారు 61.8 లక్షల క్షార జంటలు గల దీని జన్యుపటం 2002లో వెలువడింది. 2019లో ఈ రకాన్ని సూడోమోనాస్ అల్లోపుటిడా అనే వేరొక జాతిగా ప్రతిపాదించినప్పటికీ, పాత పేరే ఎక్కువగా వాడుకలో ఉన్నది. 2006లో డబ్లిన్‌లోని పరిశోధకులు పాలీస్టైరీన్ వ్యర్థాన్ని వేడిచేసి స్టైరీన్ నూనెగా మార్చి, దానిని సీఏ-3 అనే రకానికి ఆహారంగా ఇచ్చి, నేలలో కలిసిపోయే ప్లాస్టిక్‌ను తయారు చేయించారు.